తాడు పట్టినవాళ్ల వాటా: జాలరిపేటలో అయో

విశాఖపట్నం వెళ్లొచ్చానని తెలిసి మా ఊళ్లో ప్రతి ఒక్కరూ "సముద్రం ఎట్లుంది సార్?" అని అడిగారు. సముద్రం కోసం కాదయ్యా, ఒక చంద్రుడి గురించి చెప్పడానికి పోయాను అంటే నవ్వారు. ఇన్నేళ్లయినా ఆ నవ్వు ఆగలేదు, అందుకే ఈ నాలుగు మాటలూ రాసి పెడుతున్నాను. ఇక నోటితో ఎవరికీ చెప్పను.

నేను అనంతపురం జిల్లాలో ఒక హైస్కూల్లో భౌతికశాస్త్రం చెబుతాను. నాకు కోపం ఎక్కువ, ఓపిక తక్కువ అని మా ఆవిడా, పిల్లలూ, హెడ్మాస్టరూ ఏకాభిప్రాయంతో అంటారు. ఇది తొంభైల చివరి మాట. అప్పట్లో ఒక వ్యోమనౌక గురుగ్రహం చుట్టూ తిరుగుతూ ఫొటోలు పంపుతుండేది. ఆ ఫొటోల్లో ఒక చంద్రుడు నా బుర్ర తినేశాడు. పేరు అయో. పేరు విని నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి, నాకు అలవాటైపోయింది. గురుడి పెద్ద చంద్రుళ్లు నలుగురిలో అందరికన్నా దగ్గర తిరిగేవాడు వీడే. సైజులో ఇంచుమించు మన చంద్రుడంత. సూర్యుడికి అంత దూరాన గడ్డకట్టి పడి ఉండాలి కదా? కాని ఒళ్లంతా అగ్నిపర్వతాలే. ఆ వేడి సూర్యుడిది కాదు, గురుడి లాగుడు వల్ల పుట్టిన వేడి.

లాగితే వేడి ఎట్లా పుడుతుంది? సరిగ్గా అక్కడే మా ఊరి జనం లేచిపోయారు. అంతకు ముందు ఏడాది ఇదే విషయం మీద మా ఊళ్లో మాట్లాడాను. మొదట్లో హాలు నిండుగా ఉంది. చివరికి నేనూ, మైకు అద్దెకిచ్చినవాడూ మిగిలాం. వాడైనా మైకు కోసమే ఉన్నాడు. ఇంకొక్కసారి చూస్తాను, ఈసారీ జనం లేచిపోతే జన్మలో మైకు పట్టను అని మా ఆవిడ ముందు ఒట్టు పెట్టుకుని విశాఖపట్నం బయల్దేరాను.

స్టేషన్లో ఒక బావ

నన్ను పిలిచినవాడు సన్యాసిరావు. ఆనందపురం దగ్గర వ్యవసాయం చేసుకునే కుటుంబం అతనిది, తను మాత్రం ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. సెలవు రోజుల్లో పేటల్లో సైన్సు సాయంత్రాలు నడుపుతాడు. అంతకు ముందొకసారి వేసవి శిక్షణ తరగతుల్లో కలిశాం.

"వచ్చీసినావా బావా!" అంటూ నా పెట్టె లాక్కున్నాడు.

మా వైపు బావ అంటే అక్క మొగుడు, లేదంటే మేనరికం ఉండాలి. ఊరికే దారిన పోయేవాణ్ణి బావ అంటే తగవే. "ఏమప్పా, మా చెల్లెల్ని నీకు ఎప్పుడిచ్చినాం?" అన్నాను.

"ఇవ్వకపోతేనేటి బావా, ఇచ్చినట్టే అనుకుందాం. టీ తాగుతావా?"

టీ కొట్టువాడు కూడా "సక్కెర సాలునా బావా?" అన్నాడు. గ్లాసు ఖాళీ అయ్యేలోపు నాకు ముగ్గురు బావమరుదులు తయారయ్యారు. నేను ముఖం మాడ్చుకునే ఉన్నాను, వాళ్లు పట్టించుకోలేదు.

సన్యాసిరావు భార్య రమణమ్మ భోజనానికి గుమ్మడికాయ పులుసు పెట్టింది. అందులో బెల్లం. ఆవకాయలో బెల్లం. పప్పులో కూడా ఉందేమోనని అనుమానంగా కలిపాను. పులుసు తియ్యగా ఉంటే మా జిల్లాలో పొరపాటు జరిగిందనుకుంటారు. మా రాగులను వాళ్లు చోళ్లంటారు. మేం సంగటి ముద్ద చేసి పచ్చిమిరప ఊరిబిండి పచ్చడితో తింటే, వాళ్లు అంబలి కాచుకుని ఉల్లిపాయ నంజుకు తాగుతారు. ఆ అంబలి మాత్రం రెండు గ్లాసులు తాగాను. నిజం చెప్పాలి కదా.

ఉక్కునగరం: పైన నల్లన, లోపల పచ్చన

సాయంత్రం సన్యాసిరావు నన్ను ఒక మిట్ట మీదికి తీసుకుపోయాడు. ఇనుము కరిగించగా మిగిలే స్లాగును పారబోయడం అక్కణ్ణుంచి దూరంగా కనిపిస్తుందట. పెద్ద గంగాళం లాంటి పాత్ర నెమ్మదిగా ఒరిగింది. పైన నల్లటి తోలు కట్టి ఉంది. అది పగలగానే లోపల్నుంచి పసుపూ ఎరుపూ కలిసిన ధార జారింది. ఆకాశం సగం ఎర్రబడింది. నేను గంతేసినంత పని చేశాను.

"దొరికిందప్పా! అయో ఇట్లనే ఉంటాడు. రేపు ఇదే చెప్తా."

సన్యాసిరావు బుగ్గ గోక్కున్నాడు. "మరి నువ్వు తెచ్చిన బొమ్మల్లో కొండలున్నాయి గదా బావా. అంత పల్సటి తోలు మీద కొండలెలగ నిలబడతాయి? ములిగిపోవేటి?"

కోపం వచ్చింది. ప్రశ్న సరైనది కాబట్టి మరీ వచ్చింది. అయో మీద ఎవరెస్టును మించిన కొండలున్నాయి, అవేమీ అగ్నిపర్వతాలు కావు. పైపెంకు అంతలేసి కొండలను మోయాలంటే మందంగా, చల్లగా, గట్టిగా ఉండాలి. లోపల అంత మంట పెట్టుకుని పైపెంకు చల్లగా ఎట్లా ఉంటుంది? జవాబు నాకు తెలుసు. లోపలి వేడి పెంకు అంతటా పాకదు. కొన్ని గొట్టాల్లాంటి దారుల గుండా లావాగా పైకి తన్నుకొస్తుంది. వచ్చిన లావా నేల మీద పరుచుకుని చల్లారుతుంది. దాని మీద ఇంకో పొర, ఆ పైన మరొకటి. పాత నేల బరువుకి కిందికి దిగిపోతూ ఉంటుంది. అందుకే పెంకు ఎప్పుడూ పైనుంచి వచ్చిన చల్లటి రాయితోనే నిండి ఉంటుంది. గోళం కదా, దిగే కొద్దీ చోటు ఇరుకు. ఆ ఇరుకులో నలిగిన పెంకు విరిగి, ఒక అంచు పైకి లేస్తే అదే కొండ.

ఇదంతా సన్యాసిరావుకు అక్కడే చెప్పాను. అతను బుద్ధిగా తలూపాడు. ఆ తలూపుడు నాకు బాగా తెలుసు. పదో తరగతిలో వెనక బెంచీవాళ్లు సరిగ్గా అట్లాగే ఊపుతారు. పరవాలేదు, బొమ్మలున్నాయి కదా అనుకున్నాను. ప్రొజెక్టరు మీద పెట్టి చూపే ప్లాస్టిక్ కాగితాల మీద అయోను పొరలు పొరలుగా గీసి, స్కెచ్ పెన్నులతో వేసవి సెలవులంతా రంగులు నింపాను. వాటి మీదే నా ఆశ.

జాలరిపేట, పొద్దున

సభ జాలరిపేటలోనే. ముందుగా పేట చూద్దామని మర్నాడు పొద్దున్నే వెళ్లాం. ఇసుక మీద పడవలు, ఆరేసిన వలలు, గంపల పక్కన కూర్చుని చేపలమ్మే ఆడవాళ్లు. దూరంగా రేవులోకి పోవడానికి వంతు కోసం ఆగిన ఓడలు. ఇన్నేళ్లూ బోర్డు మీద సుద్దముక్కతో గీసిన ఆటుపోట్లు, ఇక్కడి మాటలో పోటూ పాటూ, కాళ్ల ముందే ఉంటే, చెప్పులు తడిసిపోయేదాకా నిలబడిపోయాను.

అక్కడ పెద్దవల లాగుతున్నారు. వల ఒక చివరి తాడు ఒడ్డునే ఉంచి, పడవలో లోపలికి పోయి వలను అర్ధచంద్రాకారంగా పరిచి, రెండో తాడును దూరంగా ఒడ్డుకు తెస్తారు. రెండు జట్లు రెండు తాళ్లూ లాగుతూ దగ్గరికి జరుగుతాయి. ఒక జట్టుకు పెద్ద ఎర్రయ్య. తెల్ల మీసాలు, తలకు ఎర్ర తువ్వాలు.

నేనూ ఒక చెయ్యి వేస్తానన్నాను. ఎర్రయ్య నన్ను కిందికీ పైకీ చూశాడు. "పేంటు మడిసి రా బాబూ. మళ్లీ మద్దిలో వదిలీకు."

నా చేతులు సుద్దముక్కకు అలవాటు పడ్డ చేతులు. అల వస్తే తాడు వదులవుతుంది, అల వెనక్కి పోతే బిగుస్తుంది. అందరూ పాట పాడుతూ ఆ ఊపును పట్టుకుంటారు. నాకు ఊపు అందక తాడు అరచేతుల్లో జారింది. మంట! ఒకచోట వల దేనికో తట్టుకుని అందరూ తాడు బిగబట్టి ఊరికే నిలబడ్డారు. అప్పుడు చేతులు లాగేశాయి గాని కాలలేదు. మళ్లీ లాగుడూ వదులూ మొదలవగానే కాలాయి. ఆ సమయంలో దాని గురించి ఆలోచించలేదు, నన్ను నేనే తిట్టుకుంటూ ఉన్నాను.

వల ఒడ్డెక్కింది. ఎర్రయ్య నాలుగు కానాగంత చేపలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నీ వాటా."

"నాకొద్దప్పా, నేను చేపలు తినను."

జట్టంతా నా వైపు తిరిగింది. సన్యాసిరావు నా మోచెయ్యి గిల్లాడు. "తీసుకో బావా, తీసుకో."

"తినకపోతే ఎవలికైనా ఇచ్చీ" అన్నాడు ఎర్రయ్య. "తాడు ముట్టుకున్నోడిని వట్టి సేతుల్తో పంపితే రేపు మా వలా వట్టిదే వత్తాది."

కోడిగుడ్డు కూడా రాని ఇంటివాణ్ణి. చేపలను న్యూస్‌పేపర్లో చుట్టి గుడ్డసంచిలో పడేసి, బస్సులో ముక్కు మూసుకుని కూర్చున్నాను. పక్కసీటాయన "కానాగంతలా? ఎంతకిచ్చినారు?" అని ఆప్యాయంగా అడిగాడు. లాగినందుకు ఇచ్చారంటే నమ్మలేదు.

రమణమ్మ చేపలు చూసి మురిసిపోయింది. సంచి దులుపుతూ, "ఇయ్యేటి అన్నయ్యగోరూ, రంగులు?" అంది.

నా బొమ్మలు కూడా ఆ సంచిలోనే ఉన్నాయి. అయో ఏ రాత్రి ఎప్పుడు గురుడి వెనక్కి పోతాడో, ఎప్పుడు బయటికొస్తాడో రాసుకున్న కాగితమూ అందులోనే ఉంది. చేపల నీళ్లకు స్కెచ్ పెన్ను రంగులన్నీ కలిసిపోయి ముద్దయ్యాయి. వేసవి సెలవులంతా పోసిన ప్రాణం చేపల కంపు కొడుతోంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడం ఎందుకు. సన్యాసిరావును తిట్టాను, ఎర్రయ్యను తిట్టాను, చివరికి గురుగ్రహాన్నీ తిట్టాను.

పూర్ణా మార్కెట్

కొత్త కాగితాలు కొందామని మధ్యాహ్నం పూర్ణా మార్కెట్‌కు పరుగెత్తాం. అల్లం, వెల్లుల్లి, పసుపు కొమ్ములు, అనకాపల్లి బెల్లం దిమ్మలు, కొబ్బరికాయల గుట్టలు అన్నీ ఉన్నాయి. ప్రొజెక్టరు కాగితాలు మాత్రం లేవు. సందుకు ముగ్గురిని అడిగాం. ఒకాయన మంచి మనసుతో పాలిథీన్ సంచులు చూపించాడు. బయట ఎక్కడో దొరికేవే, కాని నాకు కాళ్లు సహకరించలేదు. మూటలు దించే చోట కూలబడి, "సభ వద్దులేప్పా, రైలెక్కేస్తా" అన్నాను.

సన్యాసిరావు పక్కన కూర్చుని బెల్లం ముక్క చేతిలో పెట్టాడు. "ఎల్లిపో బావా, నాను పట్టుకోను. కాని పేటోళ్లు వత్తారు. చంద్రుడి మీద నిప్పులంటన్నారు, ఏటో అని అడగతన్నారు. ఆళ్లకి నానేటి సెప్పను?"

బెల్లం తింటే తిక్క కాస్త దిగింది. అరచేతులు ఇంకా మండుతున్నాయి. వాటి కేసి చూసుకున్నాను. బిగబట్టి నిలబడ్డప్పుడు ఎందుకు కాలలేదు? అప్పుడు వెలిగింది నా బుర్రలో. "లేప్పా, ఎర్రయ్యను పట్టుకోవాల. నాకు తాడు కావాల" అని లేచాను.

పేట సామాజిక భవనం, సాయంత్రం

హాలు నిండింది. ముందు వరసలో నూకాలమ్మ అనే చేపలమ్ముకునే ఆవిడ, ఖాళీ గంప పక్కన పెట్టుకుని కూర్చుంది. నేను రెండు వాక్యాలు మాట్లాడానో లేదో మూడో వరసలో ఒకాయన లేచాడు.

"గమ్మున కూర్చోప్పా! అప్పుడేనా?" అని అరిచాను.

"బీడీ కాలిసీసి వత్తాను బాబూ, కోప్పడకు" అన్నాడు.

ఇక ఆగలేదు. ఎర్రయ్య తెచ్చిన తాడును హాలు పొడవునా పరిపించాను. ఇటు పదిమంది, అటు పదిమంది. "బిగబట్టి నిలబడండి. లాగొద్దు, వదలొద్దు." నిలబడ్డారు. "చేతులు కాలుతున్నాయా?"

"లేదు."

"గురుడు అయోను ఇట్లా ఒకే తీరుగా పట్టుకుని ఉంటే వేడి పుట్టదు. ఇప్పుడు పొద్దున లాగినట్టు లాగండి, వదలండి."

ఎర్రయ్య పాట ఎత్తుకున్నాడు. తాడు అటూ ఇటూ జారింది. పొద్దుటి నా చేతుల గతే వాళ్లకూ పట్టింది. తాడుకు అలవాటైన చేతులే అయినా, వట్టి నేల మీద పట్టు దొరక్క, "కాల్తన్నాదిరో!" అని ఎవరో కేక పెట్టారు.

"అదీ సంగతి! అయో దారి గుండ్రంగా లేదు. ఒకసారి గురుడికి దగ్గరవుతాడు, ఒళ్లు ఉబ్బుతుంది. మళ్లీ దూరమవుతాడు, సడలుతుంది. అక్కడి నేల నూరు మీటర్ల దాకా లేచి దిగుతుంది. ఈ సముద్రంలో నీళ్లకు పోటూ పాటూ ఉన్నట్టు అక్కడ రాయికి పోటూ పాటూ. అయోకు తాడు లేదు, చేతులు లేవు. వాడి ఒంట్లో రాయే రాయిని రాసుకుంటుంది. అదే వేడి."

నూకాలమ్మ అడ్డుపడింది. "అన్నాళ్ల బట్టీ లాగితే ఎవలైనా అలిసిపోతారు గదా బాబూ. దారి గుండ్రంగా సర్దుకోదేటి?"

ఇన్నేళ్ల నా ఉద్యోగంలో ఇంత మంచి ప్రశ్న ఎవరూ అడగలేదు. "సర్దుకోనివ్వరమ్మా, బయట ఇద్దరున్నారు" అన్నాను. ఎర్రయ్య పాటలో ఒక్కొక్క లాగుడు అయోకు ఒక చుట్టు. రెండు లాగుళ్లకోసారి ఆడవాళ్లను చప్పట్లు కొట్టమన్నాను. వాళ్లు రెండో చంద్రుడు. నాలుగు లాగుళ్లకోసారి ముసలివాళ్లను నేల మీద చరచమన్నాను. వాళ్లు మూడో చంద్రుడు. మొదట గందరగోళం, తర్వాత కుదిరింది. లాగుడూ చప్పట్లూ చరుపులూ లెక్కగా వచ్చి కలుస్తుంటే హాలు దద్దరిల్లింది. "ఈ వరస తప్పకుండా ఆ ఇద్దరూ వాణ్ణి గుంజుతుంటారు. అందుకే వాడి దారి సాగిన దారిగానే ఉంటుంది, మంట ఆరదు."

"మరి కొండలు బావా?" అని వెనకనుంచి సన్యాసిరావు. వదలడు కదా.

జనాన్ని భుజం భుజం తగిలేలా పెద్ద గుండ్రంగా నిలబెట్టాను. "మీరే అయో పెంకు. మీ వెనక కొత్త లావా వచ్చి పడింది. అందరూ ఒక్కసారి లోపలికి జరగండి. ఎవరూ వరస తప్పొద్దు." జరిగారు. ఇరుకైంది. "ఇంకా జరగండి." ఒత్తిడికి నూకాలమ్మ కాళ్లు నేల వదిలాయి.

"ఓలమ్మో! నన్నెత్తీసినార్రా!"

"మీరే కొండ!" అని అరిచాను. జనం నవ్వలేక కూలబడ్డారు. సన్యాసిరావు ఈసారి తల ఊపలేదు. కళ్లు తుడుచుకుంటూ, "ఇరుకులో నలిగి పైకి లేసిపోనాదన్నమాట" అన్నాడు. బీడీకి పోయినవాడు ఎప్పుడొచ్చాడో, నూకాలమ్మ పక్కనే వరసలో ఉన్నాడు.

ఒడ్డున

అయిపోయిందని నమస్కారం పెట్టాను. ఒక్కరూ కదల్లేదు. నూకాలమ్మ నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"తాడు పట్టినాం. మా వాటా ఏది బాబూ?"

నా దగ్గర ఏముంది ఇవ్వడానికి? సన్యాసిరావు దగ్గర మాత్రం చిన్న దుర్భిణి ఉంది. దాన్ని ఒడ్డున ఇసుకలో నిలబెట్టి, అప్పుడే చీకటి పడ్డ ఆకాశంలో పైన మెరుస్తున్న గురుడి మీదికి తిప్పాను. చూసి నీరుగారిపోయాను. చుక్కలు మూడే ఉన్నాయి. మిగతా మూడూ వాటి వాటి చోట్లలో ఉన్నాయి, లేనిది అయోనే. గురుడి చాటున ఉన్నాడు. ఎప్పుడొస్తాడో రాసుకున్న కాగితం చేపల పాలైంది. అరగంట కావచ్చు, రెండు గంటలు కావచ్చు.

ఉన్నదున్నట్టు చెప్పాను. "ఎప్పుడు వస్తాడో నాకు తెలీదు. ఇళ్లకు పోతే పోండి, నేనేమీ అనుకోను." అనుకుంటానని నాకు తెలుసు.

"వలేసీసినాక సేప కనపళ్లేదని ఇంటికెల్లిపోతామేటి?" అంది నూకాలమ్మ, ఇసుకలో చతికిలబడుతూ. ఆవిడ వెనక ఎర్రయ్య జట్టు, వాళ్ల వెనక మిగతావాళ్లు. ఎవరో మరమరాలతో చేసే మురీ మిక్చర్ పొట్లాలు తెచ్చారు. నా చేతిలోనూ ఒకటి పెట్టారు. కారం సరిపోలేదు, కాని ఆ మాట అనలేదు. ఎంతసేపు కూర్చున్నామో లెక్క చూడలేదు. మధ్యమధ్య వంతులవారీగా లేచి చూసి, "ఇంకా మూడే" అని చెప్పి కూర్చున్నారు. పెళ్లివారి బస్సు కోసం చూసినంత తీరిగ్గా చూశారు.

నూకాలమ్మ వంతు మళ్లీ వచ్చింది. కన్ను ఆనించింది. చాలాసేపు తీయలేదు. వెనకవాళ్లు తొందరపెట్టారు.

"ఉండండర్రా." గొంతు తగ్గించింది. "పెద్దదాని పక్కన కాదు, కొంచెం ఎడంగా... ఇందాకా లేదు. సన్నంగా... ఇదిగో, వచ్చీసింది. నాలుగు!"

నేను చూశాను. గురుడి పక్కగా సాగిన నీడలోంచి అయో బయటపడ్డాడు. సూది మొనంత. ఇన్నేళ్లు వాడి గురించి మాట్లాడాను గాని, వాడు చీకట్లోంచి వస్తుండగా చూడ్డం నాకూ అదే మొదలు. అద్దం మసకబారింది. అద్దం కాదు, నా కళ్లే.

"అంత సిన్నదానికి అంత మంటా?" అంది నూకాలమ్మ నా పక్కన. "ఇప్పుడు కూడా లాగతన్నారా బాబూ?"

"ఇప్పుడు కూడా లాగుతున్నారమ్మా."

వరస ఒడ్డు వెంట సాగింది. ఒక్కొక్కరూ కన్ను పెట్టి, నాలుగు లెక్కపెట్టుకుని, తమ వాటా తీసుకుని ఇంటి దారి పట్టారు. అందరికన్నా చివర ఎర్రయ్య చూశాడు. తువ్వాలు విప్పి మళ్లీ కట్టుకుని, నా అరచేతిని వీధిదీపం వెలుగులోకి తిప్పి బొబ్బలు చూశాడు. "రేపు కూడా రా బాబూ, లాగుదాం" అని వెళ్లిపోయాడు.

సన్యాసిరావు దుర్భిణి మడుస్తూ అడిగాడు. "అందరికీ పంచినావు. మరి నీ వాటా?"

ఖాళీ అయిన ఇసుక మీద ఇంకా జనం కూర్చున్న గుర్తులున్నాయి.

"ముట్టింది బావా" అన్నాను.